మఱచిన పెద్దలను శాసనము మఱవరాదు

వార్ధక్యము అందఱికిని రాదగినది. వార్ధక్యమున వచ్చు రోగములలో ఒకటి మాత్రము తక్కినవానివంటిది కాదు. గుండెజబ్బు గలవాడు తన బాధను వైద్యునితో చెప్పుకొనగలడు. చూపు తగ్గినవాడు కండ్లద్దములు కొనితెమ్మని కొడుకు నడుగగలడు. స్మృతి తప్పినవాడు తనకు స్మృతి తప్పినదని చెప్పుకొనజాలడు. తన హక్కును తాను కోరలేని రోగి పక్షమున కోరవలసినది కుటుంబము. కుటుంబము అలసిపోయినచోట కోరవలసినది సంఘము. సంఘమునకు నోరు శాసనసభ. వైద్యులు డిమెన్షియా యని వ్యవహరించు ఈ స్మృతిభ్రంశమునకు చికిత్సయు, సంరక్షణమును ప్రతి జిల్లాలోను దొరకునట్లు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ శాసనసభలు ప్రత్యేకశాసనమును గావింపవలయునని మా యభిప్రాయము. ఇది కుటుంబధర్మమే గాని ప్రభుత్వధర్మము కాదనువారు కలరు. వారికి ప్రత్యుత్తరము తరువాత చెప్పెదము. ముందుగా వస్తుస్థితిని పరిశీలింతము.

కొండమీదను, కొండక్రిందను

ఈ చర్చకు హైదరాబాదులోని జూబిలీహిల్సును, దాని నంటియున్న ఫిల్మ్‌నగరును మేము నిదర్శనముగా గైకొనుచున్నాము. తెలుగు చలనచిత్రపరిశ్రమ చిరకాలము మద్రాసున వర్ధిల్లి, క్రమముగా ఈ రాళ్లగుట్టలమీదికి తరలివచ్చినది. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణా స్టూడియో వెలసినది. పిమ్మట పద్మాలయా, రామానాయుడు స్టూడియోలును, ఫిల్మ్ ఛేంబరును ఈ చుట్టుపట్లనే నెలకొన్నవి. ఆ దినములలో ముప్పది నలువది యేండ్ల ప్రాయమున మద్రాసునుండియు, కృష్ణా గోదావరీ తీరములనుండియు వచ్చి యిచట స్థిరపడిన నటులు, దర్శకులు, నిర్మాతలు, సంగీతజ్ఞులు నేడు డెబ్బది, ఎనుబది దాటినవారు. ఒక తరమంతయు ఇంచుమించు ఒక్కకాలముననే ముదిసిన పేట యిది. పిల్లలు సముద్రములకు ఆవల ఉద్యోగములు చేయుచుండ, ఎత్తైన ప్రహరీలోపల పెద్దయింట ఇద్దఱు వృద్ధులు మిగులుటయు, ఆ యిద్దఱిలో ఒకరు రెండవవారిని గుర్తింపలేకుండుటయు ఇట్టి పేటలకు క్రొత్త కాదు.

కొండ దిగి కొంతదూరము పోయినచో ఫిల్మ్‌నగరు బస్తీలు. షూటింగులలో దీపములు మోసినవారు, సెట్లు కట్టిన వడ్రంగులు, రంగులు వేసినవారు, గుంపుదృశ్యములలో నిలుచున్నవారు, బంగళాలలో వంటచేసి అంట్లు తోమినవారు ఇట్టి బస్తీల యిరుకుగదులలో కాపురము చేయుదురు. వారిలోను ముసలివారు గలరు. వారికిని ఈ మఱపు వచ్చును. కొడుకును కోడలును పనికి పోకున్న పొయ్యి వెలుగని యింట, తల్లి దారితప్పి పోవునేమో యను భయముతో ఆమెను లోపల నుంచి వెలుపల తాళము వేసికొని పోవుట క్రౌర్యము కాదు, నిస్సహాయత.

బంగళాలో ఆయా యుండును, బస్తీలో తాళముండును. ఈ రోగమును గూర్చి శిక్షణ పొందిన చేయి రెండుచోట్లను అరుదే. 1988లో వెలసిన అపోలో ఆసుపత్రి జూబిలీహిల్సులోనే కలదు. పంజగుట్టలో నిమ్స్ కలదు. ఎఱ్ఱగడ్డలో ప్రభుత్వపు మానసిక వైద్యాలయము కలదు. గుండెకు రాత్రికి రాత్రి శస్త్రచికిత్స చేయగల వైద్యవిద్య ఈ కొద్ది మైళ్లలో నిండియున్నది. కాని వృద్ధుడు రోగనిర్ణయపత్రమును చేతబట్టుకొని ఇల్లు చేరిన మఱునాటినుండి ఏడెనిమిదేండ్లు సాగగల సంరక్షణకు పూచీపడు ఏర్పాటు లేదు. ధనవంతుడు కొంత కొనుక్కొనును, పేదవాడు కొనలేడు. హక్కుగా మాత్రము ఇద్దఱికిని ఏమియు లేదు. రాజధానిలో సంపదకు నెలవైన పేటలోనే స్థితి యిట్లుండగా, ఆదిలాబాదు, శ్రీకాకుళము మారుమూలలమాట చెప్పనేల?

రోగము, దాని లెక్కలు

డిమెన్షియా యనునది ఒక్క రోగమునకు పేరు కాదు. మెదడు క్రమముగా చెడి జ్ఞాపకము, భాష, దిక్కుతెలివి, వివేచనము, తుదకు ఒడలి పనులును అదుపు తప్పు రోగములన్నిటికి ఉమ్మడిపేరు. వానిలో ప్రధానమైనది అల్జీమర్ వ్యాధి. 1906లో జర్మను వైద్యుడు అలాయిస్ అల్జీమర్, ఏబదియైదవ యేట మరణించిన యొక స్త్రీ మెదడును పరీక్షించి దీని లక్షణములను వెల్లడించెను. మెదడు రక్తనాళములు చెడుటచే వచ్చు స్మృతిభ్రంశము మఱియొకటి. రక్తపుపోటును, మధుమేహమును ఇంటింట వినబడు మన నాట దీని నుపేక్షింపరాదు. నిన్నటి మాట మఱచుట, చెప్పినదే చెప్పుట, ఎఱిగిన వీధిలో దారి తప్పుట, డబ్బు లెక్కలో తడబడుట తొలిగుర్తులు. పిమ్మట అనుమానము, భయము, రాత్రుల నిద్రలేమి, తన యింటనే కూర్చుండి యింటికి పోదమని పట్టుపట్టుట. తుదకు బిడ్డ పేరు తెలియదు. ముద్ద మ్రింగుటయు తెలియదు.

దీనిని పూర్తిగా కుదుర్చు మందు నేటికిని లేదు. అమెరికాలో 2023లో లెకానెమాబ్, 2024లో డొనానెమాబ్ అను మందులకు అనుమతి లభించినది. అవి తొలిదశలో రోగపు వేగమును కొంత తగ్గించునే గాని పోయిన జ్ఞాపకమును తెచ్చి యీయజాలవు. అయినను పరీక్ష వృథా యనుకొనరాదు. బి12 విటమిను కొఱతవలనను, థైరాయిడు లోపమువలనను, దిగులు జబ్బువలనను కలిగిన మఱపు చికిత్సచే చక్కబడవచ్చును. చెవుడు, చదువులేమి, రక్తపుపోటు, మధుమేహము, పొగత్రాగుట, ఒంటరితనము మొదలైన పదునాలుగు కారణములను తొలగింపగలిగినచో లోకమందలి డిమెన్షియాలో సుమారు 45 శాతమును నివారించుటకో, వాయిదా వేయుటకో వీలగునని 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణసంఘము తేల్చినది. కావున ఇది విధివ్రాత యని చేతులు ముడుచుకొనదగిన విషయము కాదు.

ఇక సంఖ్యలు. 2023లో ప్రకటితమైన యొక అఖిలభారత పరిశీలన ప్రకారము, మన దేశమున అఱువది యేండ్లు నిండినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షలమందికి ఈ రోగము కలదు. స్త్రీలలో 9.0, పురుషులలో 5.8. పల్లెలలో 8.4, పట్టణములలో 5.3. పల్లెలలో భూవసతి గల మా పాఠకులు ఈ తుది యంకెలను రెండుమాఱులు చదువవలయును. ఇది నాగరికతతో వచ్చిన పట్టణపు రోగమనియు, పొలముగాలి పీల్చువారికి రాదనియు మనలో నొక నమ్మకము కలదు. అంకెలు దానికి విరుద్ధముగా సాక్ష్యమిచ్చుచున్నవి. చదువునకు నోచుకొనని వృద్ధస్త్రీయందే ఇది హెచ్చు. వైద్యుడు పట్టణమున, రోగి పల్లెలోను ఉన్నారు.

ఈ విషయమున మన వైద్యుల పాండిత్యమునకు కొఱత లేదు. 2013లో నిమ్స్ వైద్యురాలు సువర్ణ అల్లాడిగారును సహచరులును 648 మంది రోగులను పరిశీలించి, రెండుభాషలు మాటాడువారికి ఈ రోగము ఒక్కభాషవారికంటె సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా వచ్చినదని ప్రకటించిరి. నిరక్షరాస్యులలోను ఆ భేదము కనబడినది. ఇంట తెలుగు, బజారున ఉర్దూ మాటాడు హైదరాబాదు మనుజుని నాలుకనుండి లోకమునకొక క్రొత్తసంగతి తెలిసినది. లోకమునకు పాఠము చెప్పిన నగరము తన ముసలివారికి పగటిపూట కూర్చుండుటకు ఒక చావడిని వాడవాడకు కట్టింపలేకుండుట శోచనీయము.

చాదస్తమను పేరు

మన యిండ్లలో ఈ రోగమునకు వాడుకలోనున్న పేరు చాదస్తము. ముసలివాడు అడిగినదే అడిగిన చాదస్తము, అన్నము తిని తినలేదన్న చాదస్తము, కోడలు నగ దొంగిలించెనన్న చాదస్తము. ఆ పేరు పెట్టినంతనే వైద్యునికడకు పోవలసిన పని తీఱిపోవును. విసుగుకొనుటకు మాత్రము అనుమతి లభించును. జపానువారును పూర్వము ఈ రోగమును మూఢత్వమను నర్థమిచ్చు పదముతో పిలుచుచుండిరి. ఆ పేరు రోగిని అవమానించుటయే గాక, రోగమును దాచిపెట్టుటకు కారణమగుచున్నదని గ్రహించి, 2004లో వారి ప్రభుత్వమే ఆ పదమును తొలగించి క్రొత్తపేరు పెట్టినది. మనకు స్మృతిభ్రంశమను గౌరవమైన మాట కలదు. సర్కారు ఆసుపత్రి చీటిమీదను, పత్రికలలోను అది వాడుకకు వచ్చుట సంస్కరణమునకు తొలిమెట్టు.

ఫిల్మ్‌నగరు ఇందుకు తోడ్పడగలదు. మన తెరమీద మతిమఱపు చాలవఱకు హాస్యమునకు సరకు. 2015లో జనాదరణ పొందిన 'భలే భలే మగాడివోయ్' చిత్రమునకు నాయకుని మతిమఱపే ఇతివృత్తము. నవ్వుటలో దోషము లేదు. కాని మలయాళమున 2005లో 'తన్మాత్ర', కన్నడమున 2016లో 'గోధి బణ్ణ సాధారణ మైకట్టు' ఈ రోగమునే ప్రధానవస్తువుగా గ్రహించి, గృహస్థు కన్నీటిని గౌరవముతో చూపినవి. కళకు అట్టి శక్తి కలదు.

కళాకారుని మాటకును శక్తి కలదు. 2013 అక్టోబరులో అక్కినేని నాగేశ్వరరావుగారు తమకు క్యాన్సరు సోకినదని పత్రికలవారిని పిలిచి తామే చెప్పిరి. 2014 జనవరిలో దివంగతులైరి. ఆ ధైర్యమువలన క్యాన్సరును గూర్చి మాటాడుటకు సిగ్గు కొంత తగ్గినది. అమెరికాలో రీటా హేవర్త్ అను ప్రసిద్ధనటి అల్జీమర్ రోగముతో 1987లో మరణించినది. రోగము బయటపడువఱకును లోకము ఆమె తడబాటును త్రాగుడుగా భావించినది. నటుడై, దేశాధ్యక్షుడైన రొనాల్డ్ రీగన్ 1994 నవంబరులో తన రోగమును ప్రజలకు లేఖవ్రాసి తెలిపెను. తెలుగు చిత్రసీమలోని కుటుంబములు రోగిని ప్రదర్శింపనక్కఱలేదు. 'మా యింటను ఈ రోగము వచ్చినది, వైద్యుని చూచితిమి' అని చెప్పిన చాలును. పదిలక్షల ఇండ్లలో తాళములు సడలును.

ఉన్న చట్టములు

చట్టములు లేవా? కలవు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టముయొక్క 20వ విభాగము చదువుడు. ప్రభుత్వాసుపత్రులలో వృద్ధులకు సాధ్యమైనంతవఱకు పడకలు, వేఱు వరుస, దీర్ఘకాలికములును క్షయకరములును నైన రోగములకు చికిత్సావిస్తరణము, ప్రతి జిల్లా ఆసుపత్రిలోను వృద్ధులకై ప్రత్యేకవసతి, దానికి అనుభవము గల వైద్యాధికారి: ఇవన్నియు రాష్ట్రప్రభుత్వములు సమకూర్పవలసినవే. అదే చట్టముయొక్క 19వ విభాగము జిల్లాకొక్కటియైనను నూటయేబదిమందికి చాలిన వృద్ధాశ్రమమును గూర్చి చెప్పును. అయితే అచట మాట 'స్థాపింపవలయును' కాదు, 'స్థాపింపవచ్చును'. ఆ రెండు క్రియారూపముల నడుమ మన ముసలివారు నిలుచున్నారు.

2017లో చేయబడి 2018లో అమలునకు వచ్చిన మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము ఇంకను ఉదారమైనది. అది మానసికవ్యాధికి చెప్పిన నిర్వచనములో జ్ఞాపకశక్తి వైకల్యమును చేర్చినది. 18వ విభాగము ప్రతి మనుష్యునికి సర్కారు వ్యయముతో నడచు చికిత్సను పొందు హక్కు నిచ్చి, వృద్ధుల మానసికవైద్యమును, రోగి కుటుంబమునకు తోడ్పాటును ప్రభుత్వము సమకూర్పవలసిన సేవలలో చేర్చినది. బుద్ధి స్థిరముగానున్నపుడే భవిష్యచ్చికిత్సను గూర్చి వ్రాసి యుంచుకొనుటకును, తనకు ప్రతినిధిని నియమించుకొనుటకును వీలు కల్పించినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టపు పట్టికలో పార్కిన్సన్ వ్యాధి పేరు కలదు గాని డిమెన్షియా పేరు లేదు. మానసికవ్యాధి యను ద్వారమున వంగి లోనికి పోవలయును.

ఇట్లు మూడుచట్టములలో మూడుముక్కలుగా హక్కు చెదరియున్నది. ఒకటి సాంఘికసంక్షేమ కార్యాలయముది, ఒకటి వైద్యశాఖది, మఱియొకటి వికలాంగుల శాఖది. స్మృతి గలవాడే ఈ మూడుకార్యాలయముల త్రోవ కనుగొనలేడు. స్మృతి లేనివాని నేల అనవలయును?

ధనసహాయము స్థితియు నట్టిదే. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ ఆసుపత్రి చికిత్సలకు. 2024 అక్టోబరున డెబ్బదేండ్లు దాటినవారికెల్ల విస్తరించిన ఆయుష్మాన్ భారత్ పథకపు అయిదులక్షలును ఆసుపత్రి చికిత్సకే. స్మృతిభ్రంశరోగికి కావలసినది పది దినముల పడక కాదు, పదియేండ్ల కాపుదల. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైనుండి పక్షవాతముచే పూర్తిగా మంచము పట్టినవారికి నెలకు 15,000 రూపాయల పింఛను నిర్ణయింపబడినది. స్తోత్రపాత్రమైన పని. కాని పక్షవాతముతో కదలలేని తండ్రికిని, కదలుచునే యుండి నిమిషమైనను విడువరాని తండ్రికిని కుటుంబము చేయు సేవలో భేదమెంత? రెండవవాడే కష్టతరుడని సేవచేసిన కోడలు చెప్పగలదు.

సంతకము ఎవ్వరిది?

ఆస్తిపరులైన మా పాఠకులు ముఖ్యముగా ఆలోచింపవలసిన విషయ మొకటి కలదు. తండ్రిపేర పట్టా, బ్యాంకులో నిలువ, పట్టణమున ఇల్లు. తండ్రికి స్మృతి తప్పినది. వైద్యమునకు సొమ్ము కావలయును, సొమ్ము తండ్రిదే, తీయుటకు సంతకము కావలయును, సంతకము చేయవలసిన వానికి తన పేరే తెలియదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారమును, 1925 నాటి వారసత్వచట్టము ప్రకారమును స్థిరబుద్ధి లేనివాని ఒడంబడికయు, వీలునామాయు చెల్లవు. అయినను వ్రేలిముద్ర వేయించుకొను బంధువులు లేకపోలేదు. అన్నదమ్ములలో నొకడు రిజిస్ట్రారు కచేరికి కారులో తండ్రిని తీసికొనిపోవును. మిగిలినవారు కోర్టు కెక్కుదురు. తండ్రి నడుమ మఱువబడును. జూబిలీహిల్సులో గజముల లెక్కను, గోదావరి మండలమున ఎకరముల లెక్కను జరుగు కథ యొక్కటే.

1987 నాటి మానసిక ఆరోగ్యచట్టమున ఇట్టివారి ఆస్తినిర్వహణమునకు జిల్లాకోర్టు ఏర్పాటుచేయు అధ్యాయ మొకటి యుండెను. 2017 చట్టము పాతచట్టమును రద్దుచేసినది. ఆ అధ్యాయమునకు బదులు క్రొత్తది పెట్టలేదు. ప్రతినిధి చికిత్సను గూర్చియే మాటాడగలడు, ఆస్తిని గూర్చి కాదు. కావున నేడు తండ్రి బ్యాంకుసొమ్ముతో తండ్రికి మందు కొనుటకు కుటుంబములు హైకోర్టులను ఆశ్రయించుచున్నవి. హైకోర్టునకు పోగలవా రెందఱు? ఆస్తిని కాపాడుకొనుటయు, ఆస్తిచే ముసలివానిని కాపాడుటయు రెండును ఈ ఖాళీలోనే చిక్కుకొన్నవి. 2007 చట్టపు 23వ విభాగము, పోషింతునని చెప్పి ఆస్తి వ్రాయించుకొని పోషింపనివాని దస్తావేజును రద్దుచేయు నధికార మిచ్చినది. కాని ఫిర్యాదు చేయుటకు జ్ఞాపకము కావలయును గదా!

ఇతరుల త్రోవ

లోకము నిద్రించుటలేదు. దక్షిణకొరియా 2011లో డిమెన్షియా నిర్వహణచట్టము చేసి, 2017నుండి ఈ రోగభారమును జాతిబాధ్యతగా ప్రకటించి, ప్రతి స్థానికమండలమునకు ఒక కేంద్రము చొప్పున 256 కేంద్రములను నెలకొల్పినది. జపాను 2000లోనే దీర్ఘసంరక్షణమునకు భీమాను ఏర్పఱచి, 2023లో డిమెన్షియా మూలచట్టము చేసి 2024 జనవరినుండి అమలుపఱచినది. అమెరికాలో కేంద్రశాసనము 2011లో వచ్చినది. అంతతో నిలువక మాసచూసెట్సు రాష్ట్రము 2018లో తన సొంతచట్టముచే వైద్యులకును నర్సులకును ఈ రోగమునందు శిక్షణను విధిగా చేసినది. ఆ దేశమున స్థిరపడిన మన తెలుగుబిడ్డలు అచటి ముసలివారికి రాష్ట్రశాసనమిచ్చు వసతిని కన్నులార చూచుచునే, ఇచటి తల్లిని ఫోనుమీద చూచుకొనుచున్నారు.

దూరదేశములేల? 1992లో కేరళలో జనించిన అల్జీమర్ సంఘము నేడు దేశమంతట శాఖలు గలది. హైదరాబాదులోను దానికి శాఖ కలదు. ఆ సంఘముతో కలసి కేరళ ప్రభుత్వము 2014లో 'స్మృతిపథము' అను పథకమును ఆరంభించి పగటి సంరక్షణకేంద్రమును, పూర్తికాలపు నివాసకేంద్రమును తెఱచినది. కర్ణాటకము 2022లో నిమ్హాన్సుతో కూడి మెదడు ఆరోగ్యపు కార్యక్రమము మొదలిడినది. అయితే పథకము వేఱు, శాసనము వేఱు. పథకము మంత్రి మాఱిన మాఱును, బడ్జెటు తగ్గిన తగ్గును. శాసనమిచ్చిన హక్కును అడుగుటకు పౌరునికి కోర్టు తలుపు తెఱచియుండును. రాజ్యాంగపు ఏడవ షెడ్యూలున ప్రజారోగ్యమును, ఆసుపత్రులును, అశక్తుల సహాయమును రాష్ట్రములకే ఒప్పగింపబడినవి. వార్ధక్యమునను రోగమునను సహాయము చేయుమని 41వ అధికరణము చెప్పుచున్నది. కావున ఢిల్లీవైపు చూడనక్కఱలేదు.

ఎట్టి శాసనము కావలయును?

మేము కోరు శాసనమున ఆఱంశము లుండవలయును. మొదటిది, ప్రతి జిల్లా ఆసుపత్రిలోను వారమున నియతదినమున స్మృతిపరీక్ష. తెలుగున, ఉర్దూలో, గిరిజనభాషలలో, చదువురానివారికిని తగిన ప్రశ్నలతో. రెండవది, ప్రతి పురపాలకసంఘమునకు, ప్రతి మండలమునకు పగటి సంరక్షణశాల. ఉదయము కూలికి పోవు కోడలు అత్తను అచట దిగవిడిచి సాయంకాలము తీసికొనిపోవలయును. బస్తీయింటి తాళమునకు ఇదియే ఔషధము. మూడవది, ఆయాలకును నర్సులకును ప్రభుత్వపు శిక్షణ, ధ్రువపత్రము, న్యాయమైన వేతనము. నాలుగవది, స్మృతిభ్రంశరోగులను చేర్చుకొను ప్రతి గృహమునకు లైసెన్సు, తనిఖీ. మంచమునకు కట్టివేయుట, మత్తుమందుతో పడవేయుట శిక్షార్హములు. అయిదవది, తీవ్రదశయందలి రోగిని ఇంట కాపాడు కుటుంబమునకు, పక్షవాతరోగికి ఇచ్చునట్టి పింఛను. ఆఱవది, జిల్లా స్థాయిలోనే సంరక్షకుని నియమించి, రోగి సొమ్ము రోగికే వెచ్చింపబడుచున్నదని యేటేట లెక్క చూచు అధికారము.

సొమ్మేది యందురు. సినిమా టిక్కెట్టుమీద ఒక శాతమునకు తగ్గకుండ, రెండు శాతములకు మించకుండ సెస్సు వేసి చిత్ర సాంస్కృతిక కార్మికుల సంక్షేమనిధిని ఏర్పఱచుటకు కర్ణాటకము 2024లో శాసనము చేసినది. ఫిల్మ్‌నగరున్న రాష్ట్రమునకు ఆ త్రోవ త్రొక్కుట కష్టమా? 1993లో స్థాపితమైన మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషను వృద్ధకళాకారులకు పింఛను లిచ్చుచున్నది, అది సత్కార్యము. కాని దీపములు మోసినవానికిని, వడ్రంగికిని ఆ సభ్యత్వము లేదు. అట్టి నిధినుండి తొలి సంరక్షణశాలను ఫిల్మ్‌నగరులోనే కట్టింపవచ్చును. కొండమీది నిర్మాతయు, కొండక్రింది కూలియు ఒకే వరండాలో కూర్చుండి పాతపాట వినిన పరువునష్టము కలుగదు. రోగము ఇద్దఱి తారతమ్యమును ఇదివఱకే తుడిచివేసినది.

ఆక్షేపణలు

శాసనము ప్రేమను పుట్టింపజాలదనువారి మాట నిజమే. ప్రేమను పుట్టించుట శాసనముయొక్క పని కాదు. ప్రేమ గలవాడు కూలిపోకుండ చూచుటయే దాని పని. తల్లిదండ్రులను విడిచిన ఉద్యోగుల జీతమునుండి కొంత కోసి వారికిచ్చు చట్టమును అస్సాము 2017లో చేసినది; తెలంగాణమునను అట్టిది తెచ్చెదమని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిగారు 2025 అక్టోబరున ప్రకటించిరి. విడిచినవానిని దండించుట యుక్తమే. కాని విడువక, ఉద్యోగము మాని, నిద్ర మాని, తల్లి మలమూత్రముల నెత్తు కుమార్తెకు రాజ్యమేమిచ్చుచున్నది? దోషిని చూచు కన్ను సేవకురాలిని చూడవలదా?

ఉమ్మడికుటుంబ మున్నపుడు ఈ బాధ లేదనువారు కలరు. ఆ కుటుంబమున ఈ సేవ యెవరు చేసిరి? పెదతల్లియో, పిన్నతల్లియో, విధవయైన మేనత్తయో. జీతము లేక, సెలవు లేక, పేరు లేక వారు చేసిన సేవనే మనము సంప్రదాయమని కొనియాడుచున్నాము. ఆ స్త్రీలు నేడు చదువుకొని ఉద్యోగములు చేయుచున్నారు. అది మనము కోరిన ప్రగతియే. దాని ఫలమును అనుభవించుచు, దానివలన ఏర్పడిన ఖాళీని పూరింపకుండుట న్యాయము కాదు.

తుదియాక్షేపణ గట్టిది: శాసనము దురుద్దేశముగల బంధువునకు ఆయుధము కాదా? ఆస్తికై తెలివిగల తండ్రిని మతిలేనివానిగా ముద్రవేయించిన? ఈ భయము నిర్మూలము కాదు. అందువలననే ఇద్దఱు వైద్యుల నిర్ణయమును, రోగినే స్వయముగా విచారించుటయు, సంరక్షకునిపై అప్పీలును శాసనములో నుండవలయును. స్మృతి కొంత తగ్గినంతమాత్రమున మనుష్యుడు సొత్తు కాడు. ఏ చీర కట్టుకొనవలయునో, ఎవరియింట నుండవలయునో చెప్పగలిగినంతకాలము ఆ మాట చెల్లవలయును. కాని దుర్వినియోగమునకు వెఱచి శాసనమే వలదనుట, దొంగకు వెఱచి ఇల్లే కట్టకుండుట వంటిది. శాసనము లేని నేడు ఆ ముద్రలును, ఆ వ్రేలిముద్రలును నిరాటంకముగా పడుచునే యున్నవి.

మన శాసనసభ్యులలో పెక్కుమందికి జూబిలీహిల్సు, బంజారాహిల్సులలో ఇండ్లు కలవు. వారు రాబోవు సమావేశమునకు పోవు దినమున, తమ వీధిలో ఏ యింట ముసలివారు గేటు దాటి బయటికి రాకుండ నున్నారో ఒక్కమాఱు విచారింతురుగాక. ఆ వీధి దాటి బస్తీలో ఏ తలుపునకు పగటివేళ వెలుపల తాళము వ్రేలాడుచున్నదో చూతురుగాక. ఈ రోగులు ఓటడుగ వచ్చినవాని ముఖము మఱునాడు గుర్తుంచుకొనలేరు; ఊరేగింపు తీయలేరు; ధర్నా చేయలేరు. తమకు జరిగిన యన్యాయమునే మఱచిపోవు ప్రజల విషయమున రాజ్యము ఎట్లు ప్రవర్తించునో, దానినిబట్టియే ఆ రాజ్యపు ధర్మమును కొలువవలయును. ఆఱంశముల ముసాయిదా వ్రాయుటకు ఆఱునెలలు చాలును. ప్రభుత్వములు ముందునకు రాకున్న, అనధికార బిల్లును ప్రవేశపెట్టు సభ్యుడొక్కడైనను మన రెండురాష్ట్రములలో లేకపోడని నమ్ముచున్నాము.